రెండు గొంతుల లెక్క

నలభై రెండో వరస దగ్గర సిస్టర్ లెక్క తప్పింది.

తలకి ఎడమ పక్కన, నుదుటికి కాస్త పైన ఆనించిన ప్లాస్టిక్ బిళ్ల నాలుగు సెకన్లు టకటకా కొట్టి, ఇరవై ఆరు సెకన్లు ఊరుకుంటుంది. కొట్టినప్పుడల్లా ఎడమ కనుబొమ్మ తనంతట తానే ఎగురుతుంది. అలాంటి వరసలు డెబ్బై అయిదు పూర్తయితే ఆ పూటకి వైద్యం అయినట్టు. అందులో ఉన్నది అయస్కాంతమేగానీ కరెంటు షాకు కాదనీ, దిగులు పట్టిన మెదడులో మందగించిన చోటుని అది తట్టి లేపుతుందనీ మొదటిరోజే డాక్టరు చెప్పాడు. సిస్టర్‌కి మాత్రం ఎవరో వడ్రంగి తన నెత్తిన సన్న మేకులు దిగ్గొడుతున్నట్టే ఉంటుంది.

వరసలు లెక్కపెట్టమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ థియేటర్లో పద్దెనిమిదేళ్లు కత్తెర్లూ సూదులూ గుడ్డలూ లెక్కపెట్టిన మనిషి, ఊరికే పడుకోమంటే ఎలా పడుకుంటుంది? ఆస్పత్రిలో అందరూ ఆమెని లెక్కల సిస్టర్ అనేవారు. ఇంట్లో మెట్లెక్కినా లెక్కే, బట్టలు ఆరేసినా లెక్కే. అలాంటిది ఈ కుర్చీలో మొదటి వారమంతా పది దాటి వెళ్లలేకపోయింది. పది దగ్గరికి వచ్చేసరికి మనసు ఎటో జారిపోయేది, మళ్లీ తేరుకునేసరికి ఎక్కడున్నదీ తెలిసేది కాదు. ఇవాళ్టికి పదిహేడో పూట.

"అయిపోయిందక్కా. నెమ్మదిగా లేవండి" అన్నాడు మిషన్ నడిపే అతను, ఆమె తలకి తొడిగిన టోపీ విప్పుతూ.

"ఎన్నయ్యాయి బాబూ?"

"డెబ్బై అయిదే. మిషన్ తక్కువ కొట్టదు కదండీ."

"నలభై రెండు దాకా నాకు తెలుసు. ఆ తర్వాతవి నీ మిషన్ మాట మీద నమ్మాల్సిందే."

అతను నవ్వాడు. "అందరూ ఈ కుర్చీలో కునుకు తీస్తారు. మీరొక్కరే నా మీద ఆడిట్ పెట్టారు."

ఆమె కూడా నవ్వబోయింది, కానీ నవ్వు సగం దారిలోనే ఆగిపోయింది. సెలవు పెట్టిన ఈ నాలుగు నెలలుగా అంతే.

బయట భర్త కారులో ఎదురు చూస్తున్నాడు. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. కారు నెత్తిన ఎర్ర అక్షరంతో బోర్డు, పక్కసీటు కింద రెండో బ్రేకు. ఆ బ్రేకు మీద కాలు పెట్టి పెట్టి ఆయన కుడికాలి చెప్పు ఎప్పుడూ ముందే అరిగిపోతుంది. సిస్టర్ పక్కసీట్లో కూర్చుని, ఆ బ్రేకుకి తగలకుండా కాళ్లు వెనక్కి ముడుచుకుంది.

"ఇంక మూడు పూటలు. శుక్రవారం పరీక్ష. సోమవారం నువ్వు థియేటర్లో" అన్నాడాయన, వేళ్లమీద లెక్కపెట్టే బదులు స్టీరింగ్ మీద తడుతూ.

ఆమె ప్రాణమంతా ఆ శుక్రవారం మీదే ఉంది. జ్ఞాపకమూ ధ్యాసా బాగున్నాయని క్లినిక్ వాళ్లు రాసిస్తేనే మేట్రన్ మళ్లీ థియేటర్లోకి రానిస్తుంది. రాసివ్వకపోతే ఆ తలుపులు మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటాయో ఎవరూ చెప్పలేరు. ఆ గదిలో తప్ప ఇంకెక్కడా తను ఒక మనిషినని ఆమెకి అనిపించదు.

సాయంత్రం మాస్టారు వంటింట్లో గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని వచ్చి ఆమె ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. నాలుగు నెలల్లో ఆయనకి గిన్నెలు తోమడం వచ్చింది, ఆమె జుట్టు చిక్కు తియ్యడం వచ్చింది, తినమని బతిమాలడం కూడా వచ్చింది.

"పద, బండి తీద్దాం" అన్నాడు.

క్లినిక్‌లో పరీక్షలు చేసే అమ్మాయి పదిహేను మాటలు చదువుతుంది. గుర్తున్నవి తిరిగి చెప్పాలి. వైద్యం మొదలుపెట్టేముందు ఆమె చెప్పగలిగినవి నాలుగు. పదో పూట అయ్యాక మళ్లీ అదే పరీక్ష పెట్టినప్పుడు మాస్టారు బయట బల్లమీద కూర్చుని ఉన్నాడు, తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అమ్మాయి గొంతు ఖంగున మోగుతోంది. జేబులో ఉన్న లైసెన్సు దరఖాస్తు తీసి, వెనకవైపు పదిహేనూ రాసుకున్నాడు. మొదటిసారీ ఆ బల్లమీదే కూర్చుని విన్నాడు కాబట్టి, అప్పటి మాటలే ఇప్పుడూ చదివిందని ఆయనకి తెలిసిపోయింది. అయితే మూడోసారీ ఇవే.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు లైసెన్సు పరీక్షలో తప్పడం అన్నది లేదు. ఇన్‌స్పెక్టర్ ఏ దారిన తీసుకెళతాడో ఆ దారినంతా ముందే బట్టీ పట్టిస్తాడు. ఫలానా బంకు దగ్గర ఇండికేటర్, ఫలానా గేటు దగ్గర రెండో గేరు. ఆ దారి తప్పించి ఇంకో వీధిలో వదిలితే వాళ్ల సంగతేమిటని సిస్టర్ ఒకప్పుడు ఆటపట్టించేది. ఇప్పుడు అదే దారి మీద ఆయన పదిహేను మాటలూ పెట్టాడు.

"స్కూలు గేటు దగ్గర ఏముంది?"

"గొడుగు."

"బంకు?"

"గుర్రం. పెట్రోలు పోయించుకుంటోంది."

"భేష్. మలుపు తిరిగాక?"

"సబ్బు. రోడ్డంతా జారుడు. తర్వాత గోడకి నిచ్చెన. పోస్టాఫీసు ముందు ఉత్తరం. పైన మేఘం." ఆమె కళ్లు మూసుకుని కారు నడిపిస్తున్నదానిలా చెప్పుకుపోయింది. తాళం, వంతెన, పలక, దీపం, కత్తెర, కొంగ, అద్దం, ఇసుక, రైలు. పదిహేనూ వచ్చాయి.

మాస్టారు ముఖం చింకి చాటంత అయింది. చాలా రోజుల తర్వాత ఆయన రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. సిస్టర్ ఆ సంతోషాన్నే చూస్తూ కూర్చుంది. ఆయన కోసమైనా శుక్రవారం ఆ పదిహేనూ చెప్పాలి అనుకుంది.

బుధవారం పద్దెనిమిదో పూట అయ్యాక ఆస్పత్రికి వెళ్లింది, మేట్రన్ దగ్గర ఫారం తెచ్చుకోవడానికి. మేట్రన్ బాగానే మాట్లాడింది. "శుక్రవారం కాగితం తెచ్చెయ్. సోమవారం డ్యూటీలో నీ పేరు పెన్సిల్‌తో రాసి ఉంచుతాను" అంది. పెన్సిల్ అన్న మాట సిస్టర్ చెవిలో ఉండిపోయింది.

వెనకదారిన వస్తుంటే బట్టల గది తలుపు తెరిచి ఉంది. లోపల ఆవిరి కమ్మేసి ఉంది. పెద్ద ఇస్త్రీ రోలర్ దగ్గర నిలబడి ఆకుపచ్చ దుప్పట్లు లోపలికి తోస్తున్న మనిషిని చూసి సిస్టర్ ఆగిపోయింది. థియేటర్ ఆయా. తనకంటే పదేళ్లు పెద్దది. ఎన్నో ఏళ్లుగా తను వాడి పడేసిన గుడ్డముక్కలన్నీ బకెట్లోంచి పటకారుతో ఏరి, నేల మీద పరిచిన రబ్బరు షీటుపై అయిదేసి చొప్పున పేర్చి చూపించే మనిషి.

"ఆయమ్మా, నువ్విక్కడేం చేస్తున్నావు?"

ఆయా తల తిప్పి చూసి చేతిలో దుప్పటి వదిలేసింది. "సిస్టరమ్మా, బాగున్నారా? చిక్కిపోయారే."

"ఇక్కడేం చేస్తున్నావని."

"ఇక్కడికే మార్చారమ్మా. మీరు సెలవు పెట్టిన వారానికే." ఆమె ముంజేతి మీద కాలిన మచ్చలు రెండు ఉన్నాయి, ఒకటి పాతది, ఒకటి ఇంకా ఎర్రగా ఉంది. సిస్టర్ చూపు అక్కడ పడిందని తెలిసి ఆయా చెయ్యి చీరకొంగు కిందకి లాక్కుంది. "రోలరు కొంచెం పెంకిది. అలవాటైపోయింది."

"దేనికి మార్చారు?"

ఆయా దుప్పటి అంచులు కలిపి, మడత మీద అరచేత్తో రాసింది. "ఆ పొట్ట ఆపరేషన్ రోజు గుడ్డ ఒకటి లోపలే ఉండిపోలేదూ? చిన్న సిస్టరు చూసి చెబితే కుట్లు విప్పి తీశారు కదా. నేను సరిగా పేర్చి చూపించలేదని రాశారట."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పానమ్మా. ఎవరు రాసుకుంటారు?" అని, అంతలోనే ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నట్టు నవ్వింది. "పోనిద్దురూ. మీకు ఒంట్లో బాగోలేదు అప్పుడు. నేనే ఇంకాస్త నోరు పెద్దది చేసి ఉండాల్సింది. మీరు తొందరగా డ్యూటీకి రండి, అది చాలు."

దేనికి నోరు పెద్దది చెయ్యాల్సిందో సిస్టర్‌కి అర్థం కాలేదు. ఆ రోజు సంగతి తలుచుకుంటే ఆమెకి పెద్ద లైటు వెలుగూ, డాక్టరు కేకా తప్ప ఏమీ కనపడదు. ఆయా తప్పుగా పేర్చిందని విచారణలో ఎవరో అంటే, అవును కాబోలు అనుకుని సంతకం పెట్టింది. అప్పట్లో ఏ కాగితం చూపించినా సంతకం పెట్టే స్థితిలో ఉంది.

గురువారం కుర్చీలో పడుకుంది. చెవుల్లో బిరడాలు పెట్టారు, టోపీ మీద గుర్తు చూసి బిళ్ల ఆనించారు. ఒకటి. రెండు. ఇరవై దాటింది, నలభై రెండు దాటింది. యాభై ఎనిమిదో వరస అయి, మిషన్ ఊరుకున్న ఇరవై ఆరు సెకన్లలో ఆ రోజు మొత్తం ఆమె కళ్ల ముందుకి వచ్చి నిలబడింది.

ఎర్రగా తడిసిన గుడ్డలు రబ్బరు షీటు మీద ఉన్నాయి. పై వరసలో అయిదు. కింద వరసలో నాలుగు, అయిదోది ఉండాల్సిన చోట ఖాళీ. గోడమీద బోర్డులో, ఆపరేషన్‌కి ముందు తీసినవి పది అని చాక్‌పీసుతో రాసి ఉంది. లెక్క ఇద్దరు పైకి చెప్పాలి, ఇద్దరి గొంతులూ కలిస్తేనే డాక్టరు కుట్లు మొదలుపెడతాడు. అది థియేటర్ పద్ధతి. ఆయా ముందుకి వంగి చూసింది. "తొమ్మిదే ఉన్నాయి, సిస్టర్" అంది, స్పష్టంగా. తను షీటు వంక చూడలేదు. బోర్డు వంక చూసి "పది, సరిపోయింది" అంది. ఎంత అలసటగా ఉందంటే, వంగి మళ్లీ లెక్కపెట్టడమన్నది కొండెక్కడంలా అనిపించింది. ఆయా ఇంకోసారి "సిస్టర్" అంది. అప్పటికే డాక్టరు సూది అందుకున్నాడు.

మిషన్ మళ్లీ టకటకా కొట్టింది. సిస్టర్ కళ్లలోంచి నీళ్లు చెవుల మీదుగా జారిపోతున్నాయి. మిషన్ అతను కంగారుపడి "నొప్పిగా ఉందా అక్కా, ఆపనా?" అన్నాడు.

"వద్దు బాబూ, కానియ్" అంది. మసక పోతే బాగుంటుందని నాలుగు నెలలు ఎదురు చూసింది. మసక పోతే కనపడేది ఇదని తెలియదు. నాలుగు వారాలుగా ఈ మిషన్ తట్టి లేపుతున్నది దీన్నేనా అని ఆమెకి భయం వేసింది.

కారులో భర్తకి అంతా చెప్పింది. ఆయన బండి పక్కకి తీసి ఆపాడు. ఆమె వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"సరే, జరిగింది. ఆయాని వెనక్కి తేవాల్సిందే. కానీ ఇప్పుడు కాదు. ముందు నువ్వు రేపు పరీక్ష గట్టెక్కు, సోమవారం థియేటర్లో అడుగుపెట్టు. ఒక నెల పోయాక నువ్వే మేట్రన్‌తో మెల్లగా చెప్పు. లోపల ఉన్నవాళ్ల మాటకి విలువ ఉంటుంది. బయట నిలబడి చెబితే పిచ్చిది ఏదో వాగిందంటారు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇంటికెళ్లే దారిలో ఆయన అలవాటుగా "బంకు దగ్గర?" అన్నాడు.

"గుర్రం" అంది కిటికీలోంచి చూస్తూ.

శుక్రవారం ఆఖరి పూట అయ్యాక పరీక్ష గదిలో కూర్చోబెట్టారు. చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇనుప బీరువా. పరీక్షలు చేసే అమ్మాయి పాతికేళ్లది, ఎప్పుడూ హడావిడిగా ఉంటుంది. బయట బల్లమీద మాస్టారు కూర్చున్నాడు. తలుపు ఇవాళ కూడా ఓరగానే ఉంది.

"ఆంటీ, పదిహేను మాటలు చదువుతాను. అయిపోయాక మీకు గుర్తున్నవి చెప్పండి. ఎలా గుర్తుంటే అలా చెప్పొచ్చు, వరస అక్కర్లేదు."

గొడుగు, గుర్రం, సబ్బు అంటూ అమ్మాయి చదివింది. సిస్టర్ దారి పట్టింది. స్కూలు గేటు, బంకు, మలుపు, గోడ, పోస్టాఫీసు. నోరు తన పని తాను చేసుకుపోయింది, ఎక్కడా తడుముకోలేదు. రైలు అన్న మాటతో ఆగింది.

అమ్మాయి కళ్లు మెరిశాయి. "పదిహేనుకి పదిహేను. మొదటిరోజు నాలుగు చెప్పారు మీరు. మిషన్ మీకు ఎంత బాగా పనిచేసిందో చూశారా? డాక్టర్ గారికి ఇది ప్రత్యేకంగా చూపించాలి." కాగితం మీద పదిహేను అంకె వేసి చుట్టూ సున్నా చుట్టింది. కింద ఏదో రాయడం మొదలుపెట్టింది.

సిస్టర్ ఆ పెన్ను వంక చూస్తూ కూర్చుంది. ఆ కాగితం సోమవారం మేట్రన్ బల్లమీద ఉంటుంది. పెన్సిల్ గీత పెన్ను గీత అవుతుంది. ఎనిమిది గంటలకి ఎవరో ఒక మనిషిని ఆ లైటు కింద పడుకోబెడతారు. ఆ మనిషి తెలివిలో ఉండడు, తన గుడ్డలు తను లెక్కపెట్టుకోలేడు.

"లెక్క సరిపోలేదమ్మా" అంది.

అమ్మాయి తలెత్తకుండా "ఊఁ?" అంది. పెన్ను కదులుతూనే ఉంది.

థియేటర్లో ఆ మాట అంటే ఎంత పెద్ద డాక్టరయినా చెయ్యి ఆపాలి. సిస్టర్ వీపు నిటారుగా పెట్టింది. "లెక్క సరిపోలేదు. చెయ్యి ఆపండి."

నాలుగు నెలలుగా ఆ గొంతు ఎవరూ వినలేదు. బయట బల్లమీద మాస్టారు లేచి నిలబడ్డాడు. అమ్మాయి పెన్ను ఆగిపోయింది.

"ఇవి నాకు ఇంట్లో పాఠం చెప్పారు. కిందటిసారి నువ్వు చదివినప్పుడు రాసుకుని, రోజూ అప్పజెప్పించారు. నాకు గుర్తున్నవి కావు ఇవి, నేర్పినవి. నీ దగ్గర వేరే మాటలుంటే చదువమ్మా."

అమ్మాయి ముఖం పాలిపోయింది. బీరువా కింది అరలోంచి విప్పని కవరు ఒకటి తీసింది. "మార్చి మార్చి చదవాలని ఇందులో ఉంది ఆంటీ. పైన ఉన్న కాగితమే అందరికీ చదువుతున్నాను, ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ" అంది చిన్నగా. "మార్కులు పెరిగాయని ఎంతమందికి రాశానో." అది మిషన్ వల్ల పెరిగిందో, విన్న మాటలే మళ్లీ వినడం వల్ల పెరిగిందో ఇప్పుడు ఆ పిల్లకీ తెలియదు. సిస్టర్‌కి ఆమె మీద కోపం రాలేదు, జాలి వేసింది. ఆ పిల్ల పక్కన రెండో గొంతు లేదు.

కొత్త మాటలు చదివింది. వాటికి దారి లేదు, గేటు లేదు, బంకు లేదు. సిస్టర్ బల్ల అంచు పట్టుకుని ఒక్కొక్కటే వెతుక్కుంది. మూడు సులభంగా వచ్చాయి. నాలుగోదీ అయిదోదీ నెమ్మదిగా వచ్చాయి. చాలాసేపటికి "పడవ" అంది. ఆ తర్వాత ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

"ఆరు" అంది తనే.

"నాలుగు నుంచి ఆరు అంటే మెరుగే ఆంటీ. నిజంగా మెరుగే."

"థియేటర్‌కి చాలుతాయా?"

అమ్మాయి తల వంచుకుంది.

"ఉన్నది ఉన్నట్టు రాయమ్మా. నాకొక తెల్లకాగితం ఇవ్వు" అంది సిస్టర్. ఆ కాగితం మీద మేట్రన్‌కి రాసింది, పై వరసలో అయిదు, కింద వరసలో నాలుగు అని, ఆయా పైకి చెప్పిందనీ, తను వినిపించుకోలేదనీ. రాస్తుంటే ఒక్క మాట కూడా కొట్టెయ్యాల్సిన అవసరం రాలేదు.

కారులో మాస్టారు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. తాళం తిప్పాడు, మళ్లీ ఆపేశాడు.

"నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఒక్కరూ తప్పలేదు ఇంతవరకూ" అన్నాడు.

"మొదటిదాన్ని నేనే. నా ఫొటో కట్టించి ఆఫీసులో పెట్టుకోండి."

ఆయన నవ్వలేదు. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చేశాడు. "ఆ గది తెరుచుకుంటే నువ్వు మంచం మీంచి లేస్తావనుకున్నాను. నాకు ఇంకే దారీ తెలియలేదు" అన్నాడు మాటలు మింగుతూ.

"లేచాను కదండీ" అంది ఆమె, ఆయన వీపు మీద చెయ్యి వేసి. లేచింది నిజమే. కానీ లేచి వెళ్లాలనుకున్న చోటు ఇక తనది కాదు.

శనివారం రెండు కాగితాలూ మేట్రన్‌కి ఇచ్చింది. సోమవారం ఆమెకి గుడ్డల గదిలో పని ఇచ్చారు. ఇంకో పది పూటలు మిషన్ కింద పడుకోవాలి, తర్వాత మళ్లీ చూస్తామన్నారు. గుడ్డల గది అంటే థియేటర్‌కి కింది అంతస్తులో ఉన్న పొడవాటి గది. కత్తిరించిన గుడ్డముక్కలని నాలుగు మడతలు పెట్టి, పదేసి కట్టగా దారం చుట్టి, చీటీ మీద సంతకం చేసి డబ్బాలో పెట్టాలి. పైకి వెళ్లాక వాటిని ఆవిరిపెట్టి థియేటర్లో వాడతారు. పైన చక్రాల బల్ల దొర్లుతున్న చప్పుడు కప్పులోంచి వినపడుతోంది. ఇప్పుడు పేషెంటుని తెచ్చారు, ఇప్పుడు లైటు వేశారు అని చప్పుళ్లని బట్టి ఆమెకి తెలిసిపోతూనే ఉంది. తెలిసినప్పుడల్లా చేతులు ఆగిపోయేవి, మళ్లీ మడతల్లో పడేవి.

పదకొండు గంటలకి తలుపు తోసుకుని ఆయా వచ్చింది. ఆకుపచ్చ థియేటర్ చీర కట్టుకుని ఉంది, నెత్తిన టోపీ. ముంజేతికి కట్టు ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కాగితం సంగతి ఆయా ఎత్తలేదు.

"రెండు కట్టలు కావాలట సిస్టరమ్మా" అంది.

సిస్టర్ రెండు కట్టలు బల్లమీద పెట్టింది. ఆయా మొదటిది తీసి వేలితో అంచులు లెక్కపెట్టి పక్కన పెట్టింది. రెండోది తీసింది. వేలు చివరిదాకా వెళ్లి ఆగింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. సిస్టర్ ఆ వేలినే చూస్తోంది.

ఆయా కట్ట కింద పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు మాత్రం తగ్గించలేదు. ఈసారి గది ఆ చివరిదాకా వినపడేలా అంది.

"తొమ్మిదే ఉన్నాయి, సిస్టర్."

సిస్టర్ చీటీ మీద తన సంతకం చూసుకుంది. పది అని తనే రాసింది. అయినా ఈసారి ఆ అంకె వంకే చూస్తూ ఉండిపోలేదు. ముందుకి వంగి, దారం విప్పి, గుడ్డలన్నీ బల్లమీద పరిచింది. పైన అయిదు, కింద నాలుగు. అయిదోది ఉండాల్సిన చోట వేలు పెట్టింది.

"తొమ్మిదే, ఆయమ్మా" అంది.

డబ్బాలోంచి ఇంకో గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టి ఆ ఖాళీలో ఉంచింది. తర్వాత ఇద్దరూ బల్లకి చెరోవైపూ నిలబడి, ఒకటి దగ్గర్నుంచి మళ్లీ పైకి లెక్కపెట్టారు.